నివాళి వార్తల్లో కళాకారుల కృషి ఏది?

సినీ, టీవీ కళాకారులు కన్నుమూసినప్పుడు వెలువడే వార్తలు వారి కృషిని పక్కనపెట్టి, భౌతికకాయాన్ని సందర్శించిన ప్రముఖుల పేర్లకే పెద్దపీట వేస్తున్నాయి. 2025 జులై 13న కోట శ్రీనివాసరావు మరణించినప్పుడు నేను చూసిన టీవీ కథనాల్లో కార్ల రాకపోకలు గంటల తరబడి సాగాయి గాని, బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలాడిన ఆయన 1978లో ‘ప్రాణం ఖరీదు’తో తెరపైకి వచ్చి, 1987లో ‘అహ నా పెళ్ళంట’లోని పిసినారి లక్ష్మీపతిగా ఇంటింటికీ పరిచయమై, 1999లో విజయవాడ తూర్పు నుంచి శాసనసభకు ఎన్నికైన క్రమం ఎక్కడా వరుసగా వినిపించలేదు. 2023 జనవరిలో జమున మరణించినప్పుడూ అంతే. ఆమె 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారన్న సంగతి మా ఇంట్లో పిల్లలకు నేనే చెప్పవలసి వచ్చింది. పేరున్న తారలకే ఇలా జరిగితే, గొంతు తప్ప ముఖం తెలియని డబ్బింగ్ కళాకారుల మాట చెప్పనక్కర్లేదు. వయోవృద్ధ కళాకారుల జీవిత విశేషాలను పత్రికలు, చానెళ్లు వారు జీవించి ఉండగానే సేకరించి, సాధ్యమైనంత వరకు వారి చేతనే సరిచూయించి భద్రపరచాలి. రెండు తెలుగు రాష్ట్రాల చలనచిత్రాభివృద్ధి సంస్థలు సహాయ నటులు, సాంకేతిక నిపుణులతో సహా ఆ వివరాలన్నింటినీ ఒకేచోట అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలి.

– ఒక పాఠకుడు, ఏలూరు