పత్తి కట్టె మాది, మాట కూడా మాతోనే మొదలుపెట్టండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పంట వ్యర్థాలతోటి ఊళ్ల దగ్గర్నే కరెంటు తీసే బయోమాస్ ప్లాంట్లు పెట్టాలని మళ్లీ మాటలు నడుస్తున్నయి, అధికారులు, కంపెనీల వాళ్లు, బ్యాంకుల వాళ్లు ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్తున్నరు, మంచిదే, కానీ ఆ కట్టె పుట్టేది మా చేన్లల్ల కాబట్టి మా మాట కూడా పేపర్లో వేస్తరని రాస్తున్న. మాది నల్లగొండ జిల్లా, సాగర్ ఎడమ కాల్వ కింద మూడెకరాల వరి, చెల్కల నాలుగెకరాల పత్తి.

అందరూ వరిగడ్డి దగ్గరే ఆగిపోతున్నరు. హార్వెస్టర్ కోసినంక గడ్డి మడి నిండా పరుచుకుంటది, గడ్డిని కట్టలు కట్టే బేలర్ మిషన్ కోసం వారం పది రోజులు చూడాలె, అంతలోపల యాసంగి నాటు నెత్తి మీదికొస్తది, అందుకే కొయ్యకాళ్లకు అగ్గి పెడుతున్నం, తప్పేనని మాకూ తెలుసు. కానీ గడ్డి బర్ల మేత సార్, దాన్ని బాయిలర్లకు పంపితే పాల మీద బతికే ఇంటికి మేత రేటు పెరుగుతది. పైగా గడ్డిలో సిలికా, పొటాష్ ఎక్కువ, కాలితే బూడిద కరిగి బాయిలర్‌లో గడ్డకడతది.

పత్తి కట్టె అట్లా కాదు, మా దగ్గర దాన్ని ఏ పశువూ తినదు, బూడిద తక్కువ, మంట గట్టిది. ఇంకో ముఖ్యమైన సంగతి, పత్తి ఏరినంక కట్టె చేన్లనే ఉంచితే గులాబీ రంగు పురుగు అందులోనే ఉండి వచ్చే పంటకు తగులుకుంటది, పీకేయమని వ్యవసాయ ఆఫీసర్లు ఏటా చెప్తరు, పీకడానికి కూలి ఎవరిస్తరు? ప్లాంటు వాళ్లు కట్టెను ముక్కలు చేసే ష్రెడర్ మిషన్ పట్టుకొని చేను కాడికొచ్చి కొట్టుకొని పోతే కరెంటుకు కరెంటు, పురుగు బాధ కూడా తగ్గుతది. కట్టె పొయ్యిల కోసం ఏరుకునే ఆడోళ్లు ఇంకా ఉన్నరు, వాళ్లకు కొంత వదలాలె.

మా పక్క మండలంల వెనుకట ఒక చిన్న ప్లాంటు ఉండె. మొదటేడు బాగనే కొన్నరు, తర్వాత మధ్యల ఏజెంట్లు దిగిన్రు, తేమ ఉందని తరుగు తీసుడు, పైసలకు మూడు నెలలు తిప్పుడు, గాలి తిరిగితే బూడిదొచ్చి మిరప తోటల మీద పడుడు. అడుగుదామంటే మా మొఖం చూసేటోడు లేడు, చివరికి అదే మూతపడ్డది. అన్నిటికీ యజమానులదే తప్పనను, 2004లో ఉమ్మడి రాష్ట్ర కరెంటు నియంత్రణ మండలి (ఈఆర్సీ) ఇసొంటి ప్లాంట్ల కరెంటు రేట్లు మార్చినంక ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది, ఇంకో దిక్కు ఈ ప్లాంట్లల్ల కాల్చే వరి ఊక కోసం ఇటుక బట్టీలు కూడా పోటీ పడ్డయి. ఇప్పుడు సోలార్ యూనిట్ మూడు రూపాయల లోపే దొరుకుతుంటే కరెంటు పంపిణీ కంపెనీలు (డిస్కంలు) ఈ బయోమాస్ కరెంటును ఎందుకు కొంటయని అడుగుతున్నరు, న్యాయమైన ప్రశ్నే, కానీ పొద్దుమూకినంక సోలార్ రాదు, ఇది రాత్రి కూడా వస్తది, దానికి వేరే లెక్క కట్టాలె.

లెక్క గూడ చిన్నదేం కాదు. ఒక్క మెగావాట్ ప్లాంటు ఏడాది పొడుగునా నడవాలంటే ఎనిమిది, తొమ్మిది వేల టన్నుల కట్టె కావాలె, ఎకరానికి ఒక టన్ను చొప్పున చూసినా అన్నే వేల ఎకరాలు, అంటే ఒక్క ఊరి చెల్కలు ఎటూ సాలవు. అట్లాంటిది ఏ ఊర్ల కట్టె ఎంతుంది, కౌలు రైతుకు పైసలొస్తయా భూమి పట్టా ఉన్నోళ్లకొస్తయా, నీళ్లు ఏ బోరు నుంచి తోడుతరు, ఇవేవీ తేల్చకుండ శంకుస్థాపన చేస్తే ఎట్లా? నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌ల ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబర్ల జనం రోడ్డు మీద కూసున్నది చూసినం కదా.

మేము వద్దంటలేము. టన్నుకింత అని రేటు ముందే రాసి గ్రామ పంచాయతీ గోడకు అతికించండి, కాంటా ఊళ్లనే పెట్టండి, పైసలు వారంల ఖాతాల వేయండి, బూడిదలో పొటాష్ ఉంటది కాబట్టి దాన్ని మళ్లీ మా చేన్లకే ఇయ్యండి. ఇవన్నీ మాట్లాడుకోడానికి గ్రామసభ పెట్టాలె, అది కూడా పత్తి ఏరే రోజుల్ల కాదు, యాసంగి నాట్లయినంక, సంక్రాంతి దాటినంక పెడితే ఆడోళ్లు కూడా వస్తరు.

ఇట్లు,
ఒక పత్తి రైతు,
నల్లగొండ జిల్లా