పండు ఈగకు గట్టు తెలియదు

సంపాదకులకు నమస్కారం.

ఉద్యాన పంటల భవిష్యత్తు గురించి ఈమధ్య ఏ పేపర్ తిప్పినా డ్రోన్లు, సెన్సర్లు, ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్‌లు. రానివ్వండి, మంచిదే. నాకు నూజివీడు దగ్గర నాలుగెకరాల బంగినపల్లి తోట ఉంది, చెట్లు మా నాన్న పెట్టినవి. నాకు అక్కరకొచ్చే సైన్సు మాత్రం వందేళ్ల కిందటే మన దేశంలోనే పుట్టింది, మా ఊళ్లోకి సగమే వచ్చింది. ఆ మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

పోయిన సీజన్లో కాయ తీసుకెళ్తే వ్యాపారి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. పైకి నున్నగా, మచ్చ లేకుండా ఉంది. కత్తితో టెంక దాకా కోసి నా ముందు పెట్టాడు. టెంక పక్కన గుజ్జు నీరు కారిపోయి, అందులో బియ్యపు గింజంత తెల్ల పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఇదేంటి బాబాయ్, పండుతోపాటు మాంసం కూడా పెడుతున్నావా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లోడు మొత్తానికి రేటు తగ్గించేశాడు, బేరం ఆడటానికి నాకు నోరు రాలేదు.

అది పండు ఈగ పని. కాయ పక్వానికి వచ్చే టైంలో ఆడ ఈగ తొక్కలోకి సూదిలాంటిది గుచ్చి లోపల గుడ్లు పెట్టేస్తుంది. ఇక పైన ఎంత మందు కొట్టినా లోపలున్న పురుగుకి అందదు. అది తిన్నంత తిని, రాలిన కాయలోంచి మట్టిలోకి దిగి, మళ్లీ ఈగై పైకొస్తుంది.

దీని గుట్టు బయటపడింది బీహార్‌లోని పూసాలో. 1912 ప్రాంతంలో అక్కడ హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. పొరుగాయన ఒకరు దోమలు రాకుండా సిట్రొనెల్లా నూనె వాడితే, దోమల సంగతి ఏమోగానీ ఈ ఈగలు మూగాయట. తీరా చూస్తే వచ్చినవన్నీ మగవి. 1915 నాటికి వాటిని లాగే అసలు పదార్థం మిథైల్ యూజినాల్ అని తేల్చాడు. మన తులసిలో కూడా అదే ఉంటుంది, నలిపిన తులసాకు మీద ఆ ఈగ వచ్చి వాలడం నేను కళ్లారా చూశాను.

మగవన్నీ పోతే ఆడది పెట్టే గుడ్లలోంచి పురుగు రాదు, లెక్క అంతే. పసిఫిక్‌లో రోటా అనే చిన్న దీవిలో 1960ల మొదట్లో ఈ మిథైల్ యూజినాల్, పురుగుమందు కలిపి పట్టించిన అట్టముక్కల్ని విమానంలోంచి జారవిడిచి ఈగని పూర్తిగా లేకుండా చేశారు. జపాన్ వాళ్లు ఒకినావా వైపు దీవుల్లో ఏళ్ల తరబడి ఇదే పని చేసి 1986కల్లా వదిలించుకున్నారు. అలా వదిలించుకున్న దేశం మన మామిడి కాయని ఊరికే ఎందుకు రానిస్తుంది? 2006లో తలుపు తీసింది కూడా వేడి ఆవిరి పట్టించి పంపాలన్న షరతు మీదే. యూరప్ అయితే 2014 మేలో, సరిగ్గా మన సీజన్లో, ఇవే ఈగలని చెప్పి మన మామిడిని ఆపేసింది, మళ్లీ వదిలింది 2015 జనవరిలో.

ఇప్పుడు నా తోట సంగతి. ఎకరానికి పది చొప్పున మగ ఈగల్ని పట్టే ఎర డబ్బాలు నా డబ్బుతోనే కట్టాను. డబ్బాలో చిన్న చెక్కముక్క, దానికి పట్టించిన అదే మందు, అంతే. మూడో రోజు ఒక డబ్బా విప్పి పేపర్ మీద గుమ్మరిస్తే గుప్పెడు ఈగలు పడ్డాయి, మా ఆవిడ అవతలికి పొమ్మంది. ఎంత సంబరపడ్డానో. అయినా కోతకొచ్చేసరికి కాయలో పురుగు ఉంది! ఎందుకంటే పక్క తోటలో ఒక్క డబ్బా లేదు. అక్కడ మగ ఈగతో కలిసిన ఆడ ఈగ గట్టు దాటి నా కాయ మీద వాలుతుంది. నేను ఖర్చు పెట్టి పక్కతోట ఈగలకి విందు చేస్తున్నట్టయింది.

సబ్సిడీ డబ్బాలు ఇవ్వలేదా అంటే ఇచ్చారు. పేరు రాయించుకున్నవాళ్లకి తలా కొన్ని, అదీ ఏప్రిల్ చివర్లో, కాయ సగం దిగిపోయాక. కాయలకి కాగితం కవర్లు కట్టమని కూడా చెప్పారు. కవర్ కట్టిన కాయ నిజంగానే పెళ్లికూతురిలా ఉంటుంది, కాదనలేం. కానీ వాళ్లు చూపించింది మనిషెత్తు చెట్లకి, మావి తాటిచెట్టుతో పోటీ పడే పాత చెట్లు. ఎక్కేదెవరు, వాళ్లకి కూలి ఇచ్చేదెవరు?

ఉద్యాన శాఖని నేను అడిగేది కొత్త పరిశోధన కాదు. ఒక్క ఏడాది, ఆనుకుని ఉన్న ఓ వెయ్యి ఎకరాలు తీసుకోండి. ఫిబ్రవరిలోనే అందరి తోటల్లో ఒకేసారి డబ్బాలు కట్టించండి, యజమాని ఊళ్లో లేని తోటల్లో, ఇళ్ల పెరళ్లలో ఉన్న చెట్లతో సహా. మందు ఆరిపోగానే మార్చండి. రాలిన కాయని ఎక్కడికక్కడ గొయ్యి తీసి పూడ్పించండి. వారం వారం డబ్బాలో పడ్డ ఈగల్ని లెక్కపెట్టి పంచాయతీ గోడ మీద రాయండి. డ్రోన్ మీద పెట్టే డబ్బుతో పోలిస్తే ఇది ఏపాటి ఖర్చు?

ఆ వెయ్యి ఎకరాలు మా ఊరి చుట్టూ తీసుకుంటే నా నాలుగెకరాలు అందులో కలుపుకోండి. పక్కతోట ఆయన హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఆయన్ని ఒప్పించే పని నాకు వదిలేయండి.

ఇట్లు,
నూజివీడు దగ్గర నుంచి ఒక మామిడి రైతు