కణితి తీసేశాక పేగు సంగతి?

సంపాదకులకు,

పెద్దవయసులో చెప్పుల సైజు పెరగడం, ఉంగరం బిగుసుకోవడం, దవడ ముందుకు రావడం అక్రోమెగలీ లక్షణాలు కావచ్చు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో కణితి వల్ల గ్రోత్ హార్మోన్ అతిగా ఊరే జబ్బు ఇది. గ్రోత్ హార్మోన్ ఎక్కువైతే దాని ప్రభావంతో కాలేయంలో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే హార్మోన్ కూడా పెరుగుతుంది; ముందుగా చేయించాల్సింది రక్తంలో ఈ ఐజీఎఫ్-1 పరీక్ష.

ముక్కు ద్వారా కణితి తీయించుకున్నాక చాలామంది పెద్దపేగును పట్టించుకోవడం లేదు. బాధంతా మాకు ఇక్కడే. ఐజీఎఫ్-1 పెరిగితే పేగు లోపొరలో కణాలు వేగంగా విభజన చెందుతాయి, చావాల్సినవి చావవు. పాలిప్స్ (లోపొరపై లేచే చిన్న బుడిపెలు) పుడతాయి, వాటిలో కొన్ని ఏళ్లు గడిచాక క్యాన్సర్‌గా మారొచ్చు. అందుకే జబ్బు తేలగానే కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగంతా చూసే పరీక్ష) చేయించాలని హార్మోన్ వైద్యుల అంతర్జాతీయ సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2014 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఈ జబ్బున్నవారి పెద్దపేగు మామూలుకంటే పొడవు, మెలికలూ ఎక్కువ, కదలిక నెమ్మది. సాధారణ మోతాదు విరేచన మందుతో సరిగా శుభ్రపడదు. మలం మిగిలితే చిన్న పాలిప్ దాని చాటున కనిపించదు. జబ్బు సంగతి ఎండోస్కోపీ డాక్టరుకు ముందే చెప్పి, ఎంత మందు, ఎన్ని విడతల్లో తాగాలో రాయించుకోవాలి. ఆకుకూరలు, గింజలు ముందే మానేయాలి. పాలిప్స్ కుడివైపునా వస్తాయి కనుక ఎడమభాగం వరకే చూసే సిగ్మాయిడోస్కోపీ చాలదు. ‘సీకమ్ దాకా చూశాం’ అని, అంటే పెద్దపేగు మొదలు దాకా చూశామని, రిపోర్టులో ఉందో లేదో చదువుకోండి.

డిశ్చార్జి కాగితంలోనే కొలనోస్కోపీ తేదీ రాసివ్వాలని ఆస్పత్రులను కోరుతున్నాం.

– కొందరు హార్మోన్ వైద్యులు