‘దిగొచ్చిన మంత్రి’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎవరైనా నాయకుడు నోరు జారి, నాలుగు రోజుల గొడవ తర్వాత ఒక ప్రకటన ఇస్తే పత్రికల్లో రెండు రకాల శీర్షికలు వస్తున్నాయి. ఒకటి ‘క్షమాపణ చెప్పిన నేత’. రెండోది ‘దిగొచ్చిన నేత’. ఈ రెండింటి గురించీ మీతో మాట్లాడాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా నాన్న గ్యాంగ్‌మన్. తప్పు ఎవరిది అనే ప్రశ్న మా ఇంట్లో రెండు తరాలుగా అన్నంతోపాటు తిన్నదే.

1956 సెప్టెంబరు 2న జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వంద మందికి పైగా చనిపోయారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి ఇంకా రెండు నెలలు ఉంది, మాది అప్పుడు హైదరాబాద్ రాష్ట్రం. నేను మూడేళ్ల పిల్లవాణ్ని, నాకేం గుర్తు లేదు. నాన్న చెప్పగా విన్నదే. ఆయన పనిచేసే సెక్షన్ అది కాదు. అయినా వారం రోజులు గ్యాంగుల్లో ఎవరికీ నిద్ర లేదట. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచేది వాళ్లే కాబట్టి, ఎక్కడ ఏం జరిగినా ముందు వాళ్లనే అడుగుతారు. అలాంటి సమయంలో ఢిల్లీ నుంచి ఒక వార్త వచ్చింది. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి బాధ్యత నాదేనని రాజీనామా ఇచ్చారట. నెహ్రూ తీసుకోలేదు. నవంబరు 23న అప్పటి మద్రాసు రాష్ట్రంలో, అరియలూరు దగ్గర, వరదకు మళ్లీ ఒక వంతెన పోయి 140 మందికి పైగా చనిపోయారు. శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి నెహ్రూ ఆమోదించారు. జరిగినదానికి శాస్త్రి కారకుడని కాదు, ఇది ఒక సంప్రదాయంగా నిలవాలని ఆమోదిస్తున్నానని పార్లమెంటులో చెప్పారు.

నాన్నకు రాజ్యాంగ సంప్రదాయాలు తెలియవు. ఆయన చెప్పింది ఒకటే మాట: “అంత పెద్దాయన నాది అన్నడు. ఇగ మా మీద తొయ్యరని ధైర్యమొచ్చింది.”

ఇది నాకు బాగా అర్థమైంది నా ఉద్యోగంలో. 1991లో ఒక చిన్న స్టేషన్‌లో పగటి డ్యూటీలో ఉన్నాను. ముందు సెక్షన్‌లో గ్యాంగు వాళ్లు పట్టా విప్పి పనిచేస్తున్నారని, వచ్చే బండిని ఆపి కాషన్ ఆర్డర్ (ముందు పని జరుగుతోంది, జాగ్రత్త అని డ్రైవర్‌కు రాసిచ్చే కాగితం) ఇవ్వాలని కబురు వచ్చింది. రాసి బల్ల మీద పెట్టుకున్నాను కూడా. అంతలో వేరే ఫోన్ వచ్చింది, ఆ టెన్షన్‌లో గూడ్సుకు సిగ్నల్ ఇచ్చేశాను. బండి స్టేషన్ దాటాక బల్ల మీద కాగితం కనిపించింది. అప్పుడు నా కాళ్లు ఎలా వణికాయో ఇప్పటికీ చెప్పలేను. పని జరిగేచోటికి ముందే ఎర్ర జెండాతో నిలబెట్టిన మనిషిని చూసి డ్రైవర్ బ్రేకు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

డ్యూటీ దిగగానే సైకిల్ మీద ఆ గ్యాంగు దగ్గరికి వెళ్లాను. పదకొండు మంది కూర్చుని ఉన్నారు. “నేను కాషన్ ఇవ్వలేదు, మరిచిపోయాను, తప్పు నాదే” అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మేస్త్రీ అన్నాడు, “సారూ, పొద్దటి సంది మావోళ్లు జెండా దూరం సరిగ పెట్టలేదంటరేమోనని భయపడుతున్నరు. మీరే వచ్చి చెప్పిండ్రు. గంతే చాలు.” ఎంక్వైరీలోనూ అదే రాసిచ్చాను. ఏడాది ఇంక్రిమెంట్ ఆగింది. కానీ ఆ పదకొండు మందిలో ఎవరికీ చార్జిషీటు రాలేదు.

పైవాడు తీసుకోని తప్పు గాలిలో ఉండిపోదు. కిందికి జారుతుంది. జారి జారి తప్పించుకునే దారి లేని మనిషి మీద పడుతుంది. ఒక్కోసారి చనిపోయినవాడి మీదే పడుతుంది.

2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. మర్నాడు ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అక్కడికి వెళ్లి ప్రజలకు క్షమాపణ చెప్పారు. టీటీడీ ఛైర్మన్, అధికారులు కూడా చెప్పాలని అడిగారు. క్షమాపణ చెబితే పోయిన ప్రాణాలు తిరిగొస్తాయా అన్న ప్రశ్న కూడా ఆ రోజుల్లో ఛైర్మన్ నోటి నుంచే విన్నాం. చివరికి ఆయనా క్షమాపణ చెప్పారు, అందుకు సంతోషమే. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనిపిస్తుంది. ప్రాణాలు రావు. అయితే తల్లిని పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్న కొడుకు చెవిలో ‘జనం ఎగబడ్డారు, అందుకే జరిగింది’ అన్న మాట పడుతూ ఉంటుంది. మీ అమ్మ ఎగబడలేదు బాబూ, మా ఏర్పాట్లే సరిగా లేవు అని ఒక పెద్దమనిషి నోటితో చెబితే ఆ తల్లి మీద పడిన నింద పోతుంది. క్షమాపణ చేసే పని అది.

ఇప్పుడు మొదటి శీర్షిక సంగతి. ‘నా మాటల వల్ల ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాను’ అనేది క్షమాపణ కాదు. ఆ ‘ఉంటే’లోనే అంతా ఉంది. దెబ్బతినడం వాళ్ల సున్నితత్వం, నాది తప్పేం లేదు అని దాని అర్థం. నేను ఎంక్వైరీలో ‘కాషన్ ఆర్డర్ అందక ఎవరికైనా ఇబ్బంది కలిగి ఉంటే విచారిస్తున్నాను’ అని రాసిచ్చి ఉంటే ఆఫీసరు కాగితం మొహాన కొట్టేవాడు. ఏం చేశావు, ఎవరు చేశారు అనే కదా అడిగేది! 2021 నవంబరులో సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటూ ప్రధాని మోదీ దేశానికి క్షమాపణ చెప్పారు. ఒక ప్రధాని ఆ మాట అనడం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. అయితే కొందరు రైతులకు నచ్చజెప్పలేకపోయామని అన్నారు తప్ప చట్టాలు చేసిన తీరు తప్పని అనలేదు. 2005 ఆగస్టులో మన్మోహన్ సింగ్ 1984 సిక్కుల ఊచకోతకు పార్లమెంటులో క్షమాపణ చెప్పినప్పుడు సిక్కులకే కాదు, జాతి మొత్తానికీ చెబుతున్నానన్నారు, సిగ్గుతో తల వంచుతున్నానన్నారు. 21 ఏళ్లు ఆలస్యమైంది, శిక్షలు పడాల్సినవాళ్లకు సకాలంలో పడలేదు. అయినా ఆ మాటలో ‘ఉంటే’ లేదు.

మా కాలనీలో మొన్న వానలకు ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. కొత్తగా కట్టిన కల్వర్టు పాత కాలువకంటే ఎత్తులో ఉంది, నీళ్లు ఎటు పోతాయి? మా పక్కింటి అవ్వకు రెండు బస్తాల బియ్యం తడిశాయి, మనవరాలి సర్టిఫికెట్లు ముద్దయ్యాయి. కల్వర్టుకు కొబ్బరికాయ కొట్టిన నాయకుడే వచ్చాడు. గత పాలకుల నిర్వాకం అన్నాడు, జనం కాలువలో చెత్త వేస్తున్నారన్నాడు. దుప్పటి, పది కిలోల బియ్యం ఇచ్చి వెళ్లాడు. అవ్వ ఆ బియ్యం వండలేదు. “చెత్త నేనేసిన్నా సారూ? తప్పయిందవ్వా అంటే ఆయనకేం పోతుండె?” అని నన్ను అడుగుతోంది.

ఏం పోతుందో నాకు తెలుసు, అది మీకూ తెలుసు. మర్నాడు రెండో శీర్షిక పడుతుంది. ‘దిగొచ్చిన’, ‘లెంపలేసుకున్న’, ‘తోక ముడిచిన’ అని రాస్తారు. అవతలి పార్టీవాళ్లు తప్పు ఒప్పుకున్నాడు కాబట్టి రాజీనామా చేయాలంటారు. ఆ ఒక్క మాటను వీడియో ముక్క చేసి ఎన్నికల దాకా తిప్పుతారు. బుకాయించినవాడికి ఇవేవీ ఉండవు, నాలుగో రోజుకు అందరూ మరిచిపోతారు. మరి ఏ నాయకుడు నోరు తెరుస్తాడు? జనం మాత్రం అంత కఠినంగా ఉండరు. రాజీనామా చేసిన శాస్త్రి 1957 ఎన్నికల తర్వాత మళ్లీ కేంద్ర మంత్రి అయ్యారు, 1964లో ప్రధాని అయ్యారు. 1999లో గైసాల్ రైలు ప్రమాదానికి బాధ్యత తీసుకుని రాజీనామా చేసిన నితీశ్ కుమార్‌ కూడా తర్వాత అదే రైల్వే శాఖకు తిరిగి వచ్చారు.

అందుకే మీకు నా విన్నపం. ‘ఉంటే’ ఉన్న ప్రకటనకు క్షమాపణ అని పేరు పెట్టకండి. ఆయన ఏమన్నారో ఆ వాక్యాన్నే యథాతథంగా వేయండి, చదివేవాళ్లు తేల్చుకుంటారు. ఎవరైనా నిజంగా ‘ఇది నేను చేసిన తప్పు’ అంటే ‘తప్పు ఒప్పుకున్న మంత్రి’ అని రాయండి చాలు, దిగొచ్చాడని రాయకండి. మీ సవరణలు కూడా లోపలి పేజీ మూలన కాకుండా, తప్పు ఎక్కడ పడిందో అక్కడే వేయండి.

ఈ ఉత్తరం అచ్చయితే మా అవ్వకు చదివి వినిపిస్తాను. కల్వర్టు ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్,
మహబూబ్‌నగర్ జిల్లా