ఒక్క ప్రశ్నకు 41 రోజులు

కస్టమర్ కేర్ విభాగం మేనేజరు గారికి,

విషయం: 4.7 జీబీ డీవీడీ గురించి నేను అడిగిన ప్రశ్నకు 41 రోజులుగా జవాబు రాకపోవడం.

అయ్యా,

మీ కంపెనీకి ఇంకోసారి ఫోను చేసే ఓపిక నాకు లేదు. అందుకే కాగితం మీద రాసి, రసీదు తీసుకుని పోస్టులో పంపుతున్నాను. దీన్నైనా మీలో ఒకరు చివరిదాకా చదవాలి.

మాది చిన్న ఊళ్లో ఫొటో స్టూడియో. 16 ఏళ్లుగా పెళ్లిళ్లు, ఉపనయనాలు, గృహప్రవేశాలు తీస్తున్నాను. అవన్నీ మీ డిస్కుల మీదే ఇచ్చాను. డబ్బాకు 40 రూపాయలు తక్కువకు వేరే కంపెనీ సరుకు పక్క కొట్టులోనే దొరికినా ముట్టుకోలేదు. తలంబ్రాలు రెండోసారి పోయించి వీడియో తీయలేం కదా. డిస్కు దగ్గర కక్కుర్తి పడకూడదని నా నియమం. ఆ నమ్మకానికి మీరిచ్చిన మర్యాద చెబుతాను, వినండి.

మాఘమాసంలో ఒక పెళ్లి తీశాను. ఫొటోలు, వీడియోలు కెమెరాలో ఉన్నవి ఉన్నట్టుగా ఒక డిస్కులో పెట్టిమ్మని పెళ్లికూతురి తండ్రి అడిగారు. పన్నెండో రోజున అమ్మాయి విదేశానికి బయలుదేరుతోంది, వెంట తీసుకెళ్తుందట. ఫోల్డరు చూస్తే 4.5 జీబీ. మీ డబ్బా మీద అంగుళమంత అక్షరాలతో 4.7 అని ఉంది. కంప్యూటరు మాత్రం చోటు చాలదంది. ఖాళీ డిస్కు మీద ఎంత చోటుందో చూశాను. 4.38. డబ్బాలో పైనుంచి అడుగుదాకా ఒక్కొక్కటీ పెట్టి చూశాను. అన్నిటికీ అదే 4.38.

ఇన్నేళ్లూ ఇది నా కంట పడకపోవడానికి కారణం ఉంది. టీవీలో చూసుకునే డీవీడీ తయారుచేసేటప్పుడు సాఫ్ట్‌వేరే వీడియోను డిస్కుకు సరిపడేలా కుదిస్తుంది. చోటు లెక్క నేను చూసుకోవలసిన పని రాలేదు. అందుకే మిమ్మల్ని అడిగాను: మిగతా చోటు ఏమైంది? నా ప్రశ్న అంతే.

మొదటిసారి 22 నిమిషాలు ఒకే సంగీతం వినిపించాక ఒకావిడ మాట్లాడారు. ప్రశ్న పూర్తిగా చెప్పనివ్వకుండానే కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. చేశాను. 4.38. సాంకేతిక బృందం 24 గంటల్లో ఫోను చేస్తుందన్నారు. నాలుగు రోజులు ఎదురుచూశాను. స్నానానికి వెళ్తూ కూడా ఫోను మా అబ్బాయి చేతికిచ్చి, మోగితే తలుపు కొట్టమని చెప్పాను. మోగలేదు.

రెండోసారి ఒకతను మాట్లాడాడు. "డిస్కు మీద రాసే మీ డీవీడీ రైటరు పాతబడింది సార్, కొత్తది కొనండి" అన్నాడు. కంపెనీ మనిషి చెప్పాడు కదా అని 1,450 రూపాయలు పెట్టి కొన్నాను. కొత్తదీ 4.38 అనే చూపించింది. మూడోసారి అడిగితే డీలరును కలవమన్నారు. స్టూడియో మూసుకుని బస్సెక్కి వెళ్తే, ఆయన కంపెనీనే అడగమన్నాడు. నాలుగోసారి బిల్లు, డబ్బా ఫొటో మెయిల్ చేయమన్నారు. చేశాను. "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని జవాబు. నేను అభిప్రాయం చెప్పలేదయ్యా, ప్రశ్న అడిగాను! మర్నాడు ఫోనుకు సందేశం వచ్చింది, నా ఫిర్యాదు పరిష్కారమైందట. ఎవరు పరిష్కరించారు? ఎవరితో మాట్లాడి? ఆ వెంటనే, మీ సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని ఇంకో సందేశం. మండిపోయి ఫోను చేస్తే, పాత ఫిర్యాదు మూసేశాం, కొత్తది పెట్టుకోండి అన్నారు. మళ్లీ మొదటి నుంచి కథంతా చెప్పాను. అయిదో మనిషి విసుగ్గా "4.7 అంటే 4.7 ఉంటుంది సార్" అని పెట్టేశాడు.

రెండు డిస్కుల్లో సర్దవచ్చు కదా అని మీరనవచ్చు. సర్దవచ్చు. కానీ డబ్బా మొత్తం లోపమున్న సరుకేమోనన్న అనుమానం నన్ను పట్టుకుంది. లోపం లేదని చెప్పేవాళ్లు లేరు. అలాంటి డిస్కు మీద ఒకరి పెళ్లిని ఎలా పెడతాను? ఆ తండ్రి మూడుసార్లు వచ్చి మా బల్ల మీద కూర్చుని వెళ్లారు. నాలుగోసారి రాలేదు. అమ్మాయి డిస్కు లేకుండానే విమానం ఎక్కింది.

చివరికి జవాబు ఎవరు చెప్పారో తెలుసా? పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చిన డిప్లొమా కుర్రాడు. నా బల్ల మీద డబ్బా చూసి, ఫొటోలు పెట్టే కవరు వెనక లెక్క రాసిచ్చాడు. మీ లెక్కలో జీబీ అంటే 100 కోట్ల బైట్లు. నా కంప్యూటరు లెక్కలో 1024ను మూడుసార్లు వేసి గుణించాలి, అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824. ఈ డీవీడీలో పట్టేవి 470 కోట్ల 73 లక్షల 19 వేల 808 బైట్లు. కంప్యూటరు లెక్కతో భాగిస్తే 4.38. చోటు ఎక్కడికీ పోలేదు, కొలపాత్ర మారింది. రెండు కొలతలకూ వేర్వేరు పేర్లు 1998లోనే పెట్టారట. 25 జీబీ బ్లూరే కూడా 23.3 అనే చూపిస్తుందట.

మరి సీడీ మీద 700 ఎంబీ అని వేస్తే కంప్యూటరు కూడా 700 పైచిలుకే చూపిస్తుందేమని అడిగాను. సీడీలను మొదటి నుంచీ కంప్యూటరు లెక్కలోనే కొలిచారని చెప్పాడు. డీవీడీ లెక్కలో కొలిస్తే దాని మీద 737 అని వేయాలట. మీరు సీడీని ఒక కొలతతో, డీవీడీని ఇంకో కొలతతో అమ్ముతూ, రెండూ వాడే నాకు ఆ మాట చెప్పరా?

మీ డిస్కులో లోపం లేదు. ఒప్పుకుంటున్నాను. ఆ కుర్రాడికి పట్టింది రెండు నిమిషాలు. మీ అయిదుగురిలో ఒక్కరికీ అది తెలియలేదు, తెలిసినవారికి నా ప్రశ్న చేరనే లేదు. నా కోపమంతా అక్కడే.

డబ్బా మీద 4.7 పక్కనే, కంప్యూటరులో 4.38గా కనిపిస్తుందని తెలుగులో కూడా అచ్చువేయండి. మీ మనిషి మాట విని కొన్న రైటరు డబ్బు సంగతి తేల్చండి. ఆ పెళ్లివారికి నేనేం చెప్పుకోవాలో మీరే చెప్పండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో బాధ్యత గల అధికారి నాతో మాట్లాడకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను. నా బోటి చిన్న దావాకు అక్కడ రుసుము కూడా లేదు. మా ఊరి చుట్టుపక్కల స్టూడియోల వాళ్లందరూ నాకు తెలిసినవాళ్లే, వాళ్లకూ జరిగిందంతా చెబుతాను.

బిల్లుల నకళ్లు, మీ సందేశాల నకళ్లు జతచేశాను. ఆ కుర్రాడు లెక్క రాసిచ్చిన కవరు నకలు కూడా ఉంది. దాన్ని మీ ఫోన్ల దగ్గర కూర్చునేవారందరికీ ఒక్కొక్కటి ఇవ్వండి.

ఇట్లు,
16 ఏళ్లుగా మీ డిస్కులు కొంటున్న స్టూడియో యజమాని