చెంబు కలశం ఎప్పుడవుతుంది?

చిట్టితల్లీ,

రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇల్లు తుడిచి, పాలు కాచి, దీపం పెడుతున్నావు. వరలక్ష్మీ వ్రతం నాడు చేసేవీ ఇంచుమించు ఇవే పనులు కదా, మరి తేడా ఎక్కడుందని అడిగావు. డల్లాస్‌లో ఈసారి పురోహితుడు లేకుండా నువ్వే చేసుకోబోతున్నావు. కాబట్టి ఇది అడిగి తెలుసుకోవలసిందే. ఏది వదిలినా ఫరవాలేదో, ఏది వదలకూడదో అప్పుడు నీకే తెలిసిపోతుంది.

ముందు షోడశోపచారాలు, అంటే పూజలో దేవతకు చేసే పదహారు సేవలు చూడు. ఆసనం అంటే కూర్చోబెట్టడం. పాద్యం కాళ్లకు నీళ్లు, అర్ఘ్యం చేతులకు, ఆచమనీయం తాగడానికి. ఆపైన స్నానం, బట్టలు, గంధం, పూలు, ధూపం, దీపం, భోజనం, తాంబూలం. ఇంటికొచ్చిన పెద్దలకు మనం చేసే మర్యాదలే ఇవన్నీ. పనుల్లో వెతికితే తేడా దొరకదు. మొదట చెప్పే సంకల్పంలో, చివర దేవతను సాగనంపుతూ చెప్పే ఉద్వాసనలో, ఆ రెంటి నడుమ వస్తువులకు వచ్చే హోదాలో ఉంది ఆ తేడా.

సంకల్పాన్ని చాలామంది గబగబా చదివేసి అసలు పూజలోకి వెళ్లిపోతారు. నా దృష్టిలో పూజకు ప్రాణం అక్కడే ఉంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు చేస్తున్నారో నాలుగూ నోటితో చెప్పాలి. పాలు కాచేటప్పుడు ఎవరూ ఇలా చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. కాగితం మీద రాసుకుని పెట్టుకో. మన పుస్తకాల్లో 'జంబూద్వీపే భరతవర్షే' అని ఉంటుంది. అమెరికాలోని మన గుళ్లలో పురోహితులు 'క్రౌంచద్వీపే' అని చెబుతుంటారు, మీ ఊరి గుళ్లో ఎలా చెబుతున్నారో కనుక్కుని అలాగే చెప్పు. మీది అద్దె ఇల్లు కాబట్టి 'వసతిగృహే' అనాలి, సొంత ఇల్లయితే 'స్వగృహే'. సంవత్సరం పేరు దగ్గర పాత కాగితం చూసి పొరబడతారు. 2025 ఉగాదితో విశ్వావసు మొదలైంది, 2026 ఉగాదితో పరాభవ. తర్వాత దక్షిణాయనే, వర్ష ఋతౌ, శ్రావణమాసే, శుక్లపక్షే, తిథి, భృగువాసరే (శుక్రవారం), ఆపైన నీ గోత్రం, పేరు.

తిథి దగ్గర ఇంకా జాగ్రత్త. తిథి ముగిసే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. ఆగస్టులో మీరు ఇండియాలో ఉన్న మాకంటే పదిన్నర గంటలు వెనక. ఇక్కడ శుక్రవారం పొద్దున 8 గంటలకు దశమి అయిపోతే, మీకది గురువారం రాత్రి 9:30కే అయిపోయినట్టు. మీ శుక్రవారం పొద్దున పూజలో ఏకాదశి అని చెప్పాలి. ఇక్కడి క్యాలెండరు చూసి చదివితే లేని తిథి చెప్పినట్టవుతుంది. మీ ఊరికి గణించిన పంచాంగమే చూడు.

ఇక నీళ్లు. రెండు పాత్రలు వేరువేరుగా పెట్టుకో. ఒకటి నీ ఆచమనానికి, అరచేతిలో మినపగింజ మునిగేటన్ని నీళ్లు చాలు, మూడుసార్లు. రెండోది దేవుడికి. అందులో గంధం, అక్షతలు, పువ్వు వేసి, పైన అరచెయ్యి మూసి 'గంగేచ యమునే చైవ' చెబుతావు. అప్పటిదాకా అది కుళాయి నీళ్లే. తర్వాత పువ్వుతో ఆ నీళ్లు అమ్మవారి మీద, పూజాద్రవ్యాల మీద, నీ మీద చల్లుతావు. ఒకే పాత్రతో సరిపెట్టేస్తే నువ్వు ఆచమనం చేసిన నీళ్లే అమ్మవారికి ఇచ్చినట్టవుతుంది. ఈ పొరపాటు చాలా ఇళ్లలో చూస్తుంటాం.

పసుపు గణపతిని చూస్తే అసలు విషయం బాగా అర్థమవుతుంది. రెండు చెంచాల పసుపుకు అర చెంచా నీళ్లతో మొదలుపెట్టి, చుక్కచుక్కగా కలుపుతూ ముద్ద చెయ్యి. నీళ్లెక్కువైతే కూలిపోతుంది, తక్కువైతే ఆరగానే బీటలు వేస్తుంది. తమలపాకు మీద నిలబెట్టి కుంకుమ బొట్టు పెట్టు. ఇంతవరకు అది వంటింటి పసుపే. ఆవాహన, అంటే దేవతను రమ్మని పిలిచే మంత్రం, చెప్పాక దైవం. బెల్లం ముక్క నైవేద్యం పెట్టి, 'యథాస్థానం ప్రవేశయామి' అని ఆకును కాస్త ఈశాన్యానికి కదిపితే గణపతి పూజ పూర్తయింది, అది మళ్లీ పసుపే. అయినా సింకులో కడిగెయ్యకు. నీళ్లలో కలిపి మొక్క మొదట్లో పొయ్యి.

వేదకర్మల నియమాలను విచారించిన మీమాంసకులు దీన్నే యజ్ఞం విషయంలో తేల్చి చెప్పారు. ఆహుతిగా ఇచ్చే పురోడాశం అనే రొట్టె కోసం వడ్లు దంచుతారు. దానివల్ల పొట్టు పోతుంది, అది కంటికి కనిపించే ఫలం, దృష్టం. గోళ్లతో ఒలిచినా పొట్టు పోతుంది కదా అంటే, దంచే తియ్యాలన్నది నియమం, ఆ నియమం పాటించడం వల్ల వచ్చేది అదృష్టం, అంటే కంటికి కనిపించని ఫలం అన్నారు. అవే వడ్ల మీద నీళ్లు ప్రోక్షిస్తారు. గింజలో కనిపించే మార్పేమీ లేదు, అక్కడంతా అదృష్టమే. మన వ్రతానికి అన్వయించి చూడు. ఇత్తడి చెంబును చింతపండుతో తోమడం దృష్టం. ఎంత మెరిసినా చెంబు చెంబే. ముప్పావు దాకా నీళ్లు పోసి, మామిడాకులు వేసి, కొబ్బరికాయ పెట్టి ఆవాహన చేశాకే కలశం. (కాయ మూడో వంతు చెంబు మూతిలోకి దిగాలి. పెద్ద కాయ తెచ్చి చిన్న చెంబు మీద పెడితే రవికెల గుడ్డ చుట్టేటప్పుడు ఒరిగిపోతుంది.)

వస్తువు దొరక్కపోతే ఏం చెయ్యాలో కూడా వాళ్లే ఆలోచించారు. వడ్లు లేకపోతే నీవారం అనే అడవి ధాన్యం, యజ్ఞంలో రసం తీసే సోమలత లేకపోతే పూతీక అనే మొక్క. దేవతకు, మంత్రానికి, అగ్నికి, చెయ్యవలసిన క్రియకు మాత్రం బదులు లేదన్నారు. నీకిది ఎంత వెసులుబాటో చూడు. మామిడాకులు దొరక్కపోతే తమలపాకులు. పట్టుబట్ట లేకపోతే పత్తి వస్త్రం, అదీ లేకపోతే 'వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి'. రోజువారీ పనిలో ఇలా కుదరదు, పాలు లేకపోతే కాఫీ లేదు. అందుకే అక్షతలు మాత్రం సరిగ్గా కలుపుకో. విరగని బియ్యం గుప్పెడు, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నెయ్యి. నీళ్లెక్కువ పోస్తే గింజలు నాని విరుగుతాయి.

తోరం కూడా అంతే. తొమ్మిది పోగుల దారానికి పసుపు రాసి, తొమ్మిది ముళ్లు వేసి, పువ్వు కడతావు. 'కమలాయై నమః ప్రథమగ్రంథిం పూజయామి' అని ఒక్కో ముడికీ పూజ అయ్యాకే కుడిచేతికి కట్టుకోవాలి.

నైవేద్యం రుచి చూడకూడదు కాబట్టి కొలతే ఆధారం. పులిహోరకు 200 గ్రాముల బియ్యానికి చిన్న చెంచాతో ఒకటిన్నర చెంచా ఉప్పు. పరమాన్నంలో బెల్లం పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి, దించి కాస్త చల్లారాక వెయ్యి. నేల మీద నీళ్లతో చతురస్రం గీసి, గిన్నె దానిమీద పెట్టి, నెయ్యి చుక్క వేసి, చుట్టూ నీళ్లు తిప్పుతూ పగలైతే 'సత్యం త్వర్తేన పరిషించామి', రాత్రయితే 'ఋతం త్వా సత్యేన'. తర్వాత 'ప్రాణాయ స్వాహా' మొదలుకొని అయిదు స్వాహాలు చెప్పాలి. ఔపోసన పట్టి, అంటే మంత్రం చెప్పి నీళ్లు పుచ్చుకుని, తినేవాళ్లు తమ విస్తరి ముందు చెప్పుకునేదీ ఇదే. రోజూ తినే అన్నం కూడా ఇలా గీత దాటి కర్మ అవుతుంది.

నీ రోజువారీ దీపం సంగతి కూడా అడిగావు. అది నిత్యకర్మ, చిన్నదైనా పూజే. కుందికి బొట్టు పెట్టి, రెండు వత్తులు వేసి, 'దీపం జ్యోతిః పరబ్రహ్మ' అని చెప్పి వెలిగిస్తే అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషం ఫోను పక్కన పెట్టు. ఫోనులో మాట్లాడుతూ వెలిగిస్తే, లైటు వేసినట్టే.

కర్పూరం బిళ్లలో సగమే వెలిగించు, కిటికీ తీసి ఉంచు, పొగ అలారం మోగకుండా ఉంటుంది. శుక్రవారం రాత్రి కలశం కదపకు. శనివారం పొద్దున స్నానం చేసి, హారతి ఇచ్చి, ఉద్వాసన చెప్పి ఉత్తరానికి కాస్త జరుపు. నీళ్లు ఇంట్లో చల్లి మిగిలినవి మొక్కలకు పొయ్యి, కలశం కింద పోసిన బియ్యంతో పరమాన్నం వండు, కొబ్బరికాయ ఆ రోజు వంటలోకి వాడేసుకో.

ఆశీస్సులతో,
అమ్మ