మీడియం హెవీ రాడ్ బ్లాంక్ గురించి ఆరోసారి రాస్తున్న ఫిర్యాదు

ఫ్రిస్కో, టెక్సాస్
ఏప్రిల్ 28

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

ఇంతకుముందు ఇంగ్లీషులో ఐదు మెయిళ్లు పెట్టాను. ఐదింటికీ ఒకటే జవాబు వచ్చింది, అదీ కంప్యూటర్ పంపింది. మీ షాపు అమెరికాలో ఉన్నా ఫోన్లు ఎత్తేది హైదరాబాద్‌లో అని మూడోసారి మాట్లాడినప్పుడు తెలిసింది. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. దీన్నయినా ఎవరో ఒక మనిషి చివరిదాకా చదవాలి.

జనవరి 9న 7 అడుగుల కార్బన్ రాడ్ బ్లాంక్, అంటే చేపల గాలం కట్టుకునే ఉత్త కర్ర, ఆర్డర్ చేశాను. మీడియం హెవీ పవర్ (బలం మధ్యరకం కంటే ఎక్కువ), ఫాస్ట్ యాక్షన్ (కొస దగ్గరే వంగేది). వచ్చినదాని మీద లేబుల్ అదే ఉంది కానీ బ్లాంక్ అది కాదు. కొస దగ్గర వంగాల్సింది నడుములోంచి వంగుతోంది. క్రాంక్‌బైట్ (చేపలా ఈదే ఎర) వేసేవాళ్లకు అలాంటిది బాగానే ఉంటుంది, నేను జిగ్ (అడుగుకు దిగే బరువైన ఎర) కోసం కట్టాలనుకున్న రాడ్‌కు పనికిరాదు. ఎక్కడో ఎవరో ఒకదాని లేబుల్ ఇంకోదానికి అంటించి ఉంటారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, దానికి నాకు కోపం లేదు. కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీదే.

అసలు ఆర్డర్ చేయకముందే, ఏ బ్లాంక్ తీసుకోవాలో అడగడానికి మీకు ఫోన్ చేశాను. మేం వెళ్లేది లేక్ ఫోర్క్‌కి. 1992లో టెక్సాస్ రికార్డు బాస్ చేప, 18.18 పౌండ్లది, పడింది ఆ చెరువులోనే. అక్కడ నీళ్ల కింద చెట్ల మొద్దులు చాలా ఉంటాయి. గాలానికి తగిలిన చేప మొద్దు చుట్టూ తిరగకముందే దాన్ని ఇవతలికి లాగాలంటే బ్లాంక్ మొదట్లో, నడుములో బలం కావాలి. అర ఔన్సు జిగ్ అడుగున రాయిని తాకిందో కొమ్మను తాకిందో చేతికి తెలియాలంటే కొస చురుగ్గా ఉండాలి. మీడియం హెవీ అనే మాటకు ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థం. అందుకే ఎన్ని ఔన్సుల ఎర వరకు మోస్తుందో చెప్పమని అడిగాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి, "సార్, దీనికి ఫోర్ పాయింట్ ఎయిట్ స్టార్స్ ఉన్నాయి, తీసుకోండి" అంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే చెప్పింది. ఇంక నాకు తెలిసిన లెక్కలతో నేనే ఎంచుకున్నాను.

బ్లాంక్ జనవరి 17న వచ్చింది. 20న మొదటిసారి ఫిర్యాదు చేశాను. నలభై నిమిషాలు లైన్లో ఉంచి, "రీల్ తిరగడం లేదా సార్?" అని అడిగారు. బ్లాంక్‌కు లైన్ చుట్టే రీల్ ఉండదండీ, అది ఉత్త కర్ర, హ్యాండిల్, గైడ్లు (లైన్ వెళ్లే రింగులు) మేమే కట్టుకుంటాం అని చెప్పాను. "అయితే రీల్ రాలేదని రాసుకుంటాను సార్" అన్నారు. వద్దు వద్దంటున్నా అదే రాశారు. మర్నాడు మెయిల్ వచ్చింది. ఈ ఐటమ్‌తో రీల్ ఇవ్వరు కాబట్టి కేస్ క్లోజ్ చేశామని.

రెండోసారి మాట్లాడినావిడ, రాడ్‌తో గాలం విసురుతూ వీడియో తీసి పంపమన్నారు. గైడ్లు లేకుండా లైన్ ఎలా ఎక్కించను? పోనీ గైడ్లు కడితే, దారం చుట్టిన బ్లాంక్ వెనక్కి తీసుకోం అని మీ రూల్సే చెబుతున్నాయి. ఈ మాటే ఆవిడతో అన్నాను. "వీడియో లేకపోతే ప్రాసెస్ అవ్వదు సార్" అని మూడుసార్లు అదే వాక్యం చదివారు.

సరే, కుదిరిన వీడియో తీశాను. రాడ్ కట్టేవాళ్లకు కామన్ సెంట్స్ అనే పద్ధతి ఒకటి ఉంది, డాక్టర్ విలియం హన్నెమన్ తయారుచేసింది. బ్లాంక్‌ను అడ్డంగా బిగించి, కొసకు చిన్న సంచి కట్టి, అందులో పెన్నీలు (ఒక సెంటు నాణేలు) వేస్తూ పోవాలి. 1982 తర్వాత వచ్చిన పెన్నీ ఒక్కోటి 2.5 గ్రాములు. బ్లాంక్ పొడవులో మూడో వంతు, అంటే దీనికి 28 అంగుళాలు, కొస కిందికి దిగేదాకా ఎన్ని పట్టాయో లెక్కపెడితే దాని పవర్ తెలుస్తుంది. అర్వింగ్‌లో ఉండే మా స్నేహితుడి దగ్గర ఇదే నంబరు బ్లాంక్ ఇంకా కట్టకుండా ఉంటే తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి తీశాను. దానికి పట్టిన పెన్నీల్లో సగం దాటగానే మీరు పంపింది అంత కిందికీ దిగిపోయింది. ఆదివారం సాయంత్రమంతా దీనికే సరిపోయింది. ఫైలు పెద్దదైందని నాలుగు ముక్కలు చేసి పంపాను. మీ దగ్గర నుంచి వచ్చిన ఒకే ఒక్క ప్రశ్న, ఆ నాణేలు కూడా ప్యాకెట్‌లోనే వచ్చాయా అని.

మూడోసారి ఎత్తిన అబ్బాయి నా మాట యాస విని తెలుగులోకి దిగాడు. ఐదు నిమిషాలు శ్రద్ధగా విన్నాడు. "అన్నా, ఇది తప్పు ఐటమే. నేను పైకి పంపిస్తా, రెండ్రోజుల్లో ఫోన్ వస్తది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు కాదు, రెండు వారాలు చూశాను. మళ్లీ చేస్తే అతను వేరే టీమ్‌కు మారాడని, అతను రాసిందేదీ తమకు కనబడటం లేదని చెప్పారు. ఈ ఉత్తరం చూసి ఆ అబ్బాయిని ఏమీ అనకండి. నేను మాట్లాడిన అందరిలో విన్నది అతనొక్కడే.

తర్వాత తయారీ కంపెనీని అడగమన్నారు. వాళ్లు అమ్మిన షాపునే అడగమన్నారు. తిరిగి మీ దగ్గరికొస్తే, ముప్పై రోజుల గడువు దాటిపోయింది కాబట్టి ఏమీ చేయలేమన్నారు. నేను ఫిర్యాదు చేసింది మూడో రోజున. మిగతా ఇరవై ఏడు రోజులూ నన్ను తిప్పింది మీరే కదా? ఆ రోజులు నా ఖాతాలో ఎలా రాస్తారు?

ఈ రాడ్ మా నాన్నగారి కోసం. ఆయనది కొల్లేటి పక్క ఊరు. చిన్నప్పుడు గాలానికి వెదురు కోయడానికి నన్ను వెంట తీసుకెళ్లేవారు. ఒక్కో కర్రనూ మొదలు పట్టుకుని ఒక్కసారి విదిలించి, కొస ఎంతసేపటికి నిలబడుతుందో చూసేవారు. త్వరగా నిలబడిందే ఇంటికి తెచ్చేవారు. ఫిబ్రవరి 26న ఇక్కడికొచ్చారు. ఆయన చేతికి నేను కట్టిన రాడ్ ఇచ్చి, మార్చిలో బాస్ గట్టుకు దగ్గరగా గుడ్లు పెట్టే రోజుల్లో లేక్ ఫోర్క్ తీసుకెళ్లాలని ఏడాది నుంచీ అనుకున్నాను. కార్క్, గైడ్లు, దారం అన్నీ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. మార్చి అయిపోయింది. ఒకరోజు నాన్నగారు ఆ బ్లాంక్ చేతిలోకి తీసుకుని, అలవాటుగా ఒక్కసారి విదిలించి, "ఇదేంట్రా, ఊగుతూనే ఉంది" అని పక్కన పెట్టేశారు. రాడ్ బ్లాంక్ అనే మాటే ఎప్పుడూ వినని మనిషికి ఒక్క క్షణంలో తెలిసింది, మీ వాళ్లకు మూడు నెలల్లో తెలియలేదు.

ఎనిమిదేళ్లుగా మీ దగ్గరే కొంటున్నాను. ఇప్పటికి పదకొండు రాడ్లు కట్టాను, ఎపాక్సీ జిగురుతో సహా ప్రతి సామానూ మీ దగ్గరిదే. మా తెలుగువాళ్ల ఫిషింగ్ గ్రూపులో నలుగురిని నా మాట మీద మీ దగ్గరికి పంపాను. ఇప్పుడు వాళ్లు "మీ బ్లాంక్ ఏమైంది?" అని అడుగుతుంటే నేను తలెత్తుకోలేకపోతున్నాను.

నాన్నగారి తిరుగు ప్రయాణం జూన్ 14న. కట్టి, ఎపాక్సీ పూర్తిగా గట్టిపడి, ఒక్కసారైనా చెరువుకు వెళ్లాలంటే మే 15 లోపు సరైన బ్లాంక్ నా ఇంటికి రావాలి. పంపే ముందు మీలో ఒకరు దాన్ని చేత్తో పట్టుకుని వంచి చూడాలి. తప్పుగా వచ్చినదాన్ని మీ ఖర్చుతోనే తీసుకెళ్లాలి. పొడుగు ట్యూబ్ పంపడానికి ఎంతవుతుందో మీకు తెలుసు. ఇవి జరగకపోతే టెక్సాస్ అటార్నీ జనరల్ వినియోగదారుల విభాగానికి ఫిర్యాదు వెళ్తుంది, ఆ తర్వాత చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో దావా వేస్తాను. ఒక్క కర్ర కోసం కోర్టుకా అనుకోకండి. ప్రతి ఫోన్ తేదీ, టైము, కేస్ నంబరూ నా నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ఇంకొక్కటి. జవాబు మెయిల్‌లో వద్దు, ఫోన్ చేయండి. చేసేవాళ్లకు రాడ్ బ్లాంక్ అంటే ఏమిటో ముందే తెలిసి ఉండాలి. మొదటి నుంచీ మళ్లీ చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మీ ఎనిమిదేళ్ల కస్టమర్